జత కుదిర్చే ఆట: చదువు రాని తల్లి కూడా నేర్పగల అక్షరం

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాజన సభలో, సంఘ సభ్యురాలూ అంగన్‌వాడీ కార్యకర్తా అయిన సోదరి చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, రికవరీ గురించి విన్నారు. నాకు ఇచ్చిన సమయం పావుగంట. విషయం చిన్నపిల్లలది. మూడేళ్ల నుంచి ఐదారేళ్ల లోపు పిల్లలకు అక్షరాన్ని ఎలా పరిచయం చెయ్యాలో మాట్లాడమన్నారు. నేను అంగన్‌వాడీలో చేయించే పనుల్లో ఒక్కటే తీసుకుంటాను. అది జత కుదిర్చే ఆట. ఒకేలా ఉన్న రెండింటిని పక్కపక్కన పెట్టడం, అంతే. ఇంత చిన్న పనికి సభలో మాట్లాడాలా అనిపించవచ్చు. చివరి వరకూ విని మీరే చెప్పండి.

సెంటర్‌కి పిల్లల్ని దించడానికి వచ్చే తల్లులు నాతో రెండు మాటలు అంటుంటారు. మొదటిది, "మా వాడు రోజూ ఆడుకునే వస్తున్నాడు, పలక మీద ఒక్క అక్షరం లేదు" అని. రెండోది కాస్త తలదించుకుని చెప్పే మాట. "ఇంటి దగ్గర నేర్పుదామంటే నాకే రాదు, నేనేం నేర్పను?" ఈ రెండో మాట నాకు ఎక్కువ బాధ. ఎందుకంటే ఆ మాట అనుకున్న తల్లి పిల్లాడి చదువు నుంచి తనే పక్కకు తప్పుకుంటుంది. పుస్తకం పిల్లాడిది, బడి టీచరుది, నాది వంటిల్లు అనుకుంటుంది. అదే నిజమైతే చదువు రాని ఇంట్లో పుట్టిన బిడ్డ ఎప్పటికీ వెనకే నడవాలి. అది నిజం కాదని చెప్పడానికే వచ్చాను. జత కుదిర్చే ఆట ఆడించడానికి చదువు రానక్కర్లేదు. కళ్లు చాలు, ఓపిక చాలు, రోజుకు పది నిమిషాలు చాలు.

అక్షరం చదవడమంటే ముందు ఏం జరగాలి? ఈ ఆకారం, ఆ ఆకారం ఒకటే అని కన్ను పట్టుకోవాలి. ఇది వేరు, అది వేరు అని కూడా పట్టుకోవాలి. ఆ తర్వాతే దానికి ఒక శబ్దం తగిలించుకుంటాడు. కన్ను పట్టుకోకముందే నోటితో "అ ఆ ఇ ఈ" అని పాటలాగా చెప్పించామనుకోండి, పాట వస్తుంది, అక్షరం రాదు. వరసలో అడిగితే గబగబా చెబుతాడు. మధ్యలో వేలు పెట్టి ఇదేంటి అంటే మళ్లీ "అ" నుంచి మొదలుపెడతాడు. ఇది మీలో చాలామంది ఇంట్లో చూసే ఉంటారు.

అందుకని అక్షరం కంటే ముందు ఇంట్లో వస్తువులతో మొదలుపెట్టండి. చెప్పుల జతలు కలిపెయ్యండి, జత చెయ్యమనండి. గిన్నెలకు మూతలు వెతకమనండి. ఏ మూత ఏ గిన్నెకి పడుతుందో తిప్పి తిప్పి చూస్తాడు. ఉతికిన బట్టల్లోంచి ఎవరివి వాళ్లకి విడదీయమనండి. చింతపిక్కలు, శనగలు, బొబ్బర్లు కలిపి పోసి మూడు కప్పుల్లోకి వేరు చెయ్యమనండి. పల్లీకాయలు ఒలిపించండి. దీనివల్ల రెండు లాభాలు. కన్ను తేడా పట్టడం నేర్చుకుంటుంది, బొటనవేలు చూపుడువేలు బలపడతాయి. రేపు బలపం పట్టుకునేవి ఆ రెండు వేళ్లే. ఒక జాగ్రత్త మాత్రం మర్చిపోవద్దు. గింజలు నోట్లో, ముక్కులో, చెవిలో పెట్టుకునే వయసు వాళ్లు. పక్కన మీరు కూర్చుంటేనే గింజలు ఇవ్వండి. మూడేళ్ల లోపు పిల్లలకి అసలు ఇవ్వొద్దు, పెద్ద మూతలు, గ్లాసులు ఇవ్వండి.

ఇక అక్షరాల కార్డులు. కొనక్కర్లేదు. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి, సబ్బు పెట్టెలు, బిస్కెట్ ప్యాకెట్ల అట్టలు ఉంటాయి. అరచేయంత ముక్కలు కత్తిరించండి. మొదట ఆరు అక్షరాలు చాలు. ఒక్కోటి రెండు కార్డుల మీద, మొత్తం పన్నెండు కార్డులు. వరసగా అ ఆ ఇ ఈ తీసుకోవద్దు. అ, ఆ రెండూ దగ్గర పోలిక. ఒకదానికొకటి పోలిక లేనివి తీసుకోండి. నేనైతే అ, గ, జ, ట, ప, ల తీసుకుంటాను. వీటితో మొదలయ్యే వస్తువులు ప్రతి ఇంట్లో ఉంటాయి. అరటిపండు, గరిట, జడ, టమాటా, పలక, లడ్డు. అక్షరం పెద్దగా, లావుగా, నల్లరంగుతో రాయాలి. మీకు రాయడం రాకపోతే ఐదో తరగతి చదివే పెద్దమ్మాయి చేత రాయించండి, లేదా సెంటర్‌కి అట్టముక్కలు తెచ్చివ్వండి, నేను రాసిస్తాను.

ప్రతి కార్డు కింది అంచున ఎర్రగీత ఒకటి గీయండి. ఎందుకంటే గ్లాసు తలకిందులుగా పెట్టినా గ్లాసే, చెప్పు తిరగేసినా చెప్పే. పిల్లవాడికి అప్పటివరకూ ఉన్న అనుభవం అది. అక్షరం తిరగేస్తే అక్షరం కాకుండా పోతుందని వాడికి కొత్తగా తెలియాలి. ఎర్రగీత ఎప్పుడూ నీ పొట్ట వైపు ఉండాలి అని చెబితే చాలు.

మరి తప్పు పెడితే నాకెలా తెలుస్తుంది అంటారా? దానికీ ఉపాయం ఉంది. జత కార్డుల వెనక ఒకే రంగు బొట్టుబిళ్ల అంటించండి. రెండు "గ"ల వెనక ఎర్రబిళ్ల, రెండు "జ"ల వెనక పచ్చబిళ్ల, అలాగ. పిల్లవాడు జత పెట్టాక కార్డులు తిప్పి చూసుకుంటాడు. రంగు కలిస్తే ఒప్పు, కలవకపోతే మళ్లీ వెతుకుతాడు. తప్పు అని మీరు అననక్కర్లేదు, నేను అననక్కర్లేదు. ఇంకొకరు చెప్పకుండా తన తప్పు తనే దిద్దుకునే పిల్లవాడికి భయం ఉండదు. మా సెంటర్‌లో ఒక నాయనమ్మ ఉంది, వేలిముద్రే వేస్తుంది. మనవరాలితో ఈ పన్నెండు కార్డుల ఆట నెలరోజులు ఆడింది. ఇప్పుడు ఆవిడ బిళ్ల చూడకుండానే జత పెడుతుంది. "దీని పేరేంటో గానీ, దీని మొహం నాకు తెలుసమ్మా" అంటుంది. మొహం తెలిశాక పేరు ఎంతసేపు?

ఆట నాలుగు రకాలుగా ఆడించొచ్చు. మొదటి వారం ఆరు కార్డులు నేల మీద పరిచి, మిగతా ఆరు చేతికిచ్చి, దేని పక్కన అది పెట్టమనండి. మూడు జతలతో మొదలుపెట్టి ఆరుకు వెళ్లండి. రెండో రకం, అక్షరం రాసిన అట్టను మధ్యలో వంకరగా కత్తిరించి రెండు ముక్కలు కలపమనండి. మూడోది, బట్టల క్లిప్పుల మీద అక్షరాలు రాసి, అట్ట అంచున ఉన్న అదే అక్షరానికి తగిలించమనండి. క్లిప్పు నొక్కడం వేళ్లకు మంచి పని. నాలుగోది, కార్డులన్నీ బోర్లించి రెండేసి తిప్పుతూ జత దొరికితే తీసుకోవడం. దీనికి బొట్టుబిళ్లలు లేని ఇంకో సెట్టు కావాలి, లేకపోతే రంగు చూసి తీసేసుకుంటారు. ఈ ఆటలో పిల్లలే గెలుస్తారు, చూస్తూ ఉండండి. ఎక్కడేముందో వాళ్లకున్న గుర్తు మనకుండదు.

కళ్లతో పాటు వేళ్లకూ అక్షరం తెలియాలి. ఇది మనకు కొత్త కాదు. పాత వీధిబడుల్లో ఇసుకలో వేలితో దిద్దించేవాళ్లు. అక్షరాభ్యాసం రోజున పళ్లెంలో బియ్యం పోసి రాయించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇటలీ దేశంలో మరియా మాంటిస్సోరీ అనే డాక్టరమ్మ 1907లో రోమ్ నగరంలోని పేదల వాడలో చిన్నపిల్లల బడి పెట్టింది. గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి, అట్టకు అంటించి, పిల్లల చేత వేలితో తడిమించేది. ఆమె 1939లో మన దేశం వచ్చి, మద్రాసు అడయారులో ఉండి టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఆ గరుకు అక్షరం మనం ఇంట్లో చేసుకోవచ్చు. అట్ట మీద గంజితో గానీ మైదా పేస్టుతో గానీ అక్షరం రాసి, తడి ఆరకముందే బొంబాయి రవ్వ చల్లండి. ఆరాక దులిపితే అక్షరం గరుగ్గా నిలుస్తుంది. అలాంటివి రెండేసి చేసి సంచిలో వేసి, కళ్లు మూసుకుని తడిమి జత తియ్యమనండి. కుట్టుమిషను ఉన్న చెల్లెళ్లు గుడ్డముక్కలతో కూడా చెయ్యొచ్చు. ముగ్గుతోనూ అక్షరం వెయ్యొచ్చు. అక్షరం తొక్కకూడదని పెద్దవాళ్లు అంటారు కాబట్టి వాకిట్లో కాకుండా అరుగు మీదో, పీట మీదో వేయండి.

ఇప్పుడు అక్షరానికి పేరు తగిలించడం. దీనికి మూడు మెట్లు. మొదటి మెట్టులో మీరే చెప్పండి, "ఇది గ, ఇది ల". రెండో మెట్టులో అడగండి, "గ ఏదీ? చూపించు". మూడో మెట్టులో మాత్రమే "ఇదేంటి?" అనండి. మనం తొందరపడి మొదట్లోనే మూడో మెట్టు ఎక్కిస్తాం. వాడు చెప్పలేక బిక్కమొహం వేస్తాడు. రెండో మెట్టు మీద నాలుగు రోజులు ఉన్నా ఏం పోదు. ఆ తర్వాత కార్డు పక్కన వస్తువు పెట్టించండి. "గ" పక్కన గరిట, "ప" పక్కన పలక. మాట మొదట్లో ఏ శబ్దం వినబడుతోందో చెవి పట్టుకోవాలి. వంట చేస్తూనే అడగొచ్చు, "గరిట, గడప, గంప... ఇంకోటి చెప్పు" అని. దీనికి కార్డు కూడా అక్కర్లేదు. ఇంట్లో మాట్లాడే భాషలోనే ఇది జరగాలి. లంబాడీ ఇళ్లల్లో గోరు బోలి, ఉర్దూ ఇళ్లల్లో ఉర్దూ మాట్లాడతారు. ఆ మాటలు కూడా తీసుకోండి. శబ్దం పట్టుకునే తెలివి ఏ భాషలో వచ్చినా అక్షరానికి పనికొస్తుంది.

ఆరు అక్షరాలు గట్టిపడ్డాక ఇంకో నాలుగు కలపండి. మన తెలుగుకు ఒక తేలికైన ఆట ఉంది. తలకట్టు ఉన్న అక్షరాలు ఒక గంపలో, లేనివి ఒక గంపలో వేయించండి. గ, ప, మ, న, ర వీటికి పైన తలకట్టు ఉంటుంది. ఖ, జ, ట, ణ, బ, ల వీటికి ఉండదు. పోలిక ఉన్నవాటితో జాగ్రత్త. ప, వ ఒకేసారి ఇవ్వొద్దు. మ, య ఒకేసారి వద్దు. న, స కూడా అంతే. ఒకటి బాగా వచ్చాక రెండోది తెచ్చి, రెండూ పక్కపక్కన పెట్టి "తేడా ఎక్కడుందో వేలు పెట్టు" అనండి. ద, ధ, థ ఐదేళ్లు దాటాక చూసుకోవచ్చు. "ద" అడుగున చిన్నగీత పెడితే "ధ", లోపల చుక్క కూడా పెడితే "థ". ఇంత సన్నటి తేడా మూడేళ్ల కంటికి భారం.

తర్వాత వీధిలోకి వెళ్లండి. మీరు రాసిన "గ", బస్సు బోర్డు మీది "గ", పేపర్లో ఉన్న "గ" ఒకేలా ఉండవు. పాత క్యాలెండర్లు, కరపత్రాలు, ఉప్పు ప్యాకెట్లు ఇచ్చి, మన కార్డు మీది అక్షరాన్ని వాటిల్లో వెతకమనండి. కత్తెర మీ చేతిలోనే ఉంచుకుని, వాడు చూపించింది మీరు కత్తిరించి ఇవ్వండి. పిల్లల పేరు కూడా కార్డు మీద రాసి పళ్లెం దగ్గర, చెప్పుల దగ్గర పెట్టండి. తన పేరును తన కళ్లతో గుర్తుపట్టిన రోజు ఆ బిడ్డ మొహం చూడాలి మీరు.

ఏబీసీడీల సంగతి అడుగుతారని తెలుసు. వాటికీ ఇదే పద్ధతి. ఇంగ్లీషులో ప్రతి అక్షరానికీ పెద్దది, చిన్నది అని రెండు రూపాలు, వాటిని జత పెట్టించాలి. మన అక్షరాలకు ఆ బాధ లేదు. మనకు ఉన్నది అక్షరానికి దాని వత్తు. క కింద క వత్తు చూస్తే పోలిక తెలుస్తుంది. త, న, మ, య, ర, ల వత్తులు అసలు అక్షరంలా ఉండవు. అక్కడే పిల్లలు తడబడతారు. అది ఒకటి, రెండు తరగతుల పని. అప్పుడు కూడా ఇవే అట్టముక్కలు, ఇదే జత ఆట పనికొస్తుంది. కాబట్టి కార్డులు పారెయ్యకండి, డబ్బాలో దాచండి.

కొన్ని వద్దు అనే మాటలు కూడా చెప్పాలి. ఒక్కసారికి పది, పదిహేను నిమిషాలకు మించొద్దు. పిల్లవాడు లేచి వెళ్లిపోతే ఆట అయిపోయినట్టే, లాక్కొచ్చి కూర్చోబెట్టొద్దు. పక్కింటి పిల్లతో పోల్చొద్దు. చెయ్యి చేసుకోవద్దు, అక్షరం దగ్గర దెబ్బ తిన్న బిడ్డ అక్షరాన్నే చూసి భయపడతాడు. ఎడమచేత్తో తీస్తే మాన్పించొద్దు. ఫోన్‌లో అక్షరాల పాటలు పెట్టి ఇచ్చేస్తే సరిపోతుందనుకోవద్దు. ఫోన్‌లో బొమ్మ కదులుతుంది, బిడ్డ వేళ్లు కదలవు. ఎన్ని నెలలు ఆడినా జత పట్టలేకపోతే, దగ్గరగా పెట్టుకుని చూస్తుంటే, పిలిస్తే పలక్కపోతుంటే, తిట్టకండి. కంటికి, చెవికి పరీక్ష చేయించాలి. నాతో గానీ, ఆశా కార్యకర్తతో గానీ చెప్పండి.

ఇంకొక మాట కొంచెం కష్టంగా అనిపించవచ్చు. నర్సరీ ఫీజు కోసం సంఘంలో అంతర్గత అప్పు తీసుకుంటున్నారు. అది మీ ఇష్టం, మీ డబ్బు. కానీ మూడున్నరేళ్ల బిడ్డ చేత రోజూ రెండు పేజీలు రాయించారు కాబట్టి అక్కడ చదువు బాగుందని లెక్క వెయ్యొద్దు. ఆ వయసులో వేళ్లు గట్టిపడి ఉండవు. నిండిన నోటుబుక్కు మనకు కనబడుతుంది, నొప్పి పుట్టిన వేళ్లు కనబడవు. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే మెట్టుగా చూసి, ఆట ద్వారా, పని ద్వారా నేర్పమంటోంది. ఎక్కడ చేర్పించినా ఒక ప్రశ్న అడగండి: "ఇక్కడ పిల్లల చేతికి ఏమిస్తారు?" పెన్సిలు ఒక్కటే అయితే ఆలోచించుకోండి. ఇదే ప్రశ్న నన్నూ అడగండి. అంగన్‌వాడీ 1975లో మొదలైన పథకం. గుడ్డు, పాలు ఎంత హక్కో, బడికి ముందు చదువు కూడా అంతే హక్కు. నా సెంటర్‌లో ఆ పూట ఆట జరగలేదంటే అడిగే అధికారం మీకుంది.

చివరిగా మన గురించి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగింది. పగలు కూలికి వెళ్లిన ఆడవాళ్లు రాత్రిపూట పలక పట్టుకున్నారు. వాళ్ల వాచకంలో సారా వల్ల పాడైన సంసారం గురించి ఒక పాఠం ఉంది. దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠం చదివి, మాట్లాడుకుని, ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లాలోనే ఆ ఆడవాళ్లే తర్వాత పొదుపు ఉద్యమంలో ముందు నడిచారు. మనం ఇవాళ కూర్చున్న ఈ సభకు వేళ్లు అక్కడ కూడా ఉన్నాయి.

మరి మనలో ఎంతమంది సంతకం చేస్తూ, ఆ సంతకం పైన ఏం రాసి ఉందో చదవలేకపోతున్నాం? చెయ్యెత్తమని అడగను. తీర్మానాల పుస్తకం, అప్పు పత్రం, పాస్‌బుక్కు ఇవన్నీ అక్షరాలే. మీ బిడ్డతో ఆరు కార్డుల ఆట ఆడితే మీకూ ఆరు అక్షరాల మొహాలు తెలుస్తాయి. నెలకు ఆరు అనుకున్నా, మనకు చెప్పే 56 అక్షరాలకు పది నెలలు పడుతుంది. వచ్చే మహాజన సభ ఏడాది తర్వాత. లెక్క వేసుకోండి.

సమాఖ్యను మూడు కోరుతున్నాను. ఒకటి, ప్రతి గ్రామ సమాఖ్య ఒక నెల సమావేశం చివర గంటసేపు కార్డుల తయారీ పెట్టుకోవాలి. అట్టముక్కలు, కత్తెర, రంగు మీరు తెండి, అక్షరాలు మేం అంగన్‌వాడీ కార్యకర్తలం రాసిస్తాం. రెండు, కిరాణా దుకాణం, టైలరింగ్ యూనిట్లు ఉన్న సభ్యులు ఖాళీ అట్టపెట్టెలు, గుడ్డముక్కలు పారెయ్యకుండా సెంటర్‌కి ఇవ్వాలి. మూడు, సంఘం సమావేశంలో పొదుపు, అప్పు, హాజరు అడిగినట్టే, "ఈ వారం పిల్లలతో ఆట ఆడారా?" అని ఒక మాట అడగాలి. జరిమానా వద్దు, అడిగితే చాలు.

ఖర్చు లేని పని కాబట్టి బడ్జెట్‌లో పద్దు అక్కర్లేదు. తీర్మానాల పుస్తకంలో ఒక లైను రాసుకుంటే చాలు. ఆ లైను చదవడం నేర్చుకుందాం.